మట్టిని గుర్తుపట్టే నాలుక

దేవకుమారికి ఫ్రాన్సు దేశమంటే ఒళ్లు మంట. ఆ దేశం ఆమె చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. అయినా అక్కడి ఊళ్ల పేర్లూ నదుల పేర్లూ కంఠతా వచ్చు. మొగుడు ఉంచుకున్నదాని ఇంటి దారి భార్యకి తెలిసినట్టు, ఆమెకి బోర్డో తెలుసు, బర్గండీ తెలుసు, రోన్ నది తెలుసు. బోర్డోలో నదికి ఎడమగట్టున గులకరాళ్ల నేల, కుడిగట్టున బంకమట్టి. ఎడమగట్టు వైను ఏళ్లు గడిస్తేగానీ బిగువు వదలదు, కుడిగట్టుది మొదట్నించే మెత్తన. ఇవన్నీ ఆమె భర్త దైవాశీర్వాదం అన్నం తింటూ చెప్పేవాడు. ఆమె ఊ కొట్టేది కాదు, తల తిప్పేది కాదు, కూర గిన్నె వంకే చూస్తూ కూర్చునేది. అయినా చెవిలో పడేవి. చెవులకి తలుపులు పెట్టలేదు కదా దేవుడు.

వాళ్లుండేది నార్త్ కరోలినాలో మోరిస్‌విల్. అప్పటికది రైలు పట్టాలూ పైన్ చెట్లూ తప్ప పెద్దగా ఏమీ లేని ఊరు. పక్కనే రీసెర్చి పార్కు పెరుగుతోంది, దాని వెనకాల తెలుగువాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు. దైవాశీర్వాదం మాత్రం కంప్యూటర్ల కోసం వచ్చినవాడు కాదు, పొగాకు కోసం వచ్చాడు. గుంటూరు పొగాకు కంపెనీలో గ్రేడింగ్ చేసేవాడు. ఆకు ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఇది పర్చూరు నల్లరేగడిదా, పొదిలి ఎర్రనేలదా చెప్పేసేవాడు. ఇదేదో గారడీ అనుకుని పైవాళ్లు కళ్లకి గంతలు కట్టి మరీ చూశారు. గంతలు కట్టినా అదే మాట. ఆ ముక్కు పుణ్యమా అని డర్హమ్‌లో ఒక పొగాకు లేబొరేటరీ అతన్ని పిలిపించుకుంది. డెబ్భై ఎనిమిదిలో భార్యాభర్తలిద్దరూ విమానం దిగారు.

కొన్నేళ్లకి ఆ లేబొరేటరీలో ముక్కుల్ని తీసేసి మిషన్లు పెట్టారు. ఏం చెయ్యాలో తోచక ఇంట్లో కూర్చున్నప్పుడు దొరికాడు హార్లన్. ఫ్రాన్సు నించి ఎర్ర వైను తెప్పించి ఆ చుట్టుపక్కల హోటళ్లకి అమ్మే మనిషి. పాత ఆఫీసర్ ద్వారా ఈ ముక్కు సంగతి విని, ఓ మధ్యాహ్నం పిలిచి ముందు ఐదు గ్లాసులు పెట్టాడు. దైవాశీర్వాదం అప్పటిదాకా వైను వాసన ఎరగడు. ఒక్కో గ్లాసూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, కాసేపు కళ్లు మూసుకున్నాడు, రెండు గ్లాసులు పక్కకి జరిపాడు. "ఇవి రెండూ ఒకే మట్టివి సార్, మిగతావి వేరే," అన్నాడు. హార్లన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. మర్నాడే ఉద్యోగం.

ఆ మర్నాటి నించీ ఆ ఇంట్లో నవ్వు లేదు.

అతను ఎన్నోసార్లు చెప్పి చూశాడు. "కుమారీ, నేను తాగను. నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేస్తాను. అందరం అంతే. అదే మా జాబ్."

ఎంత నిజం చెప్పాడో పాపం. కానీ సరిగ్గా ఆ మాటే చెప్పకుండా ఉండాల్సింది. ఎందుకంటే దేవకుమారి ఆ మాట వింటూ పెరిగింది. ఆమె నాన్న బాపట్ల మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. సాయంత్రం సారా వాసనతో గుమ్మంలో అడుగుపెట్టేవాడు, అమ్మ మొహం చూసి, "పంటి నొప్పే, పుక్కిలించి ఊసేశాను," అనేవాడు. ఆ పంటి నొప్పి పదిహేనేళ్లు తగ్గలేదు. పొట్ట ఉబ్బి, కళ్లు పసుపెక్కి మంచాన పడిన రోజున కూడా ఆయన అదే మాట అన్నాడు. ఇప్పుడు మొగుడు సాయంత్రం పళ్లు ఊదా రంగుతో, చొక్కా చేతులమీద ఎర్ర చుక్కలతో ఇంటికొచ్చి పుక్కిలించి ఉమ్మేశానంటుంటే, ఆమెకి నాన్నే గుమ్మంలో నిలబడినట్టుండేది. అంత డబ్బు పోసి సముద్రాలు దాటించి తెప్పించుకున్నదాన్ని ఉమ్మేసేవాడు ఎవడైనా ఉంటాడా? పసిపిల్లలు కూడా నమ్మరు.

సంఘం కూడా నమ్మలేదు. నెలకి రెండు ఆదివారాలు సామ్యూల్ గారి ఇంటి బేస్‌మెంట్‌లో తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ ప్రార్థనకి కూడేవి. సామ్యూల్ గారు పాస్టరు కాదు, ఇంజనీరు, కానీ సంఘానికి పెద్ద. దైవాశీర్వాదం గొంతు బాగుంటుంది కాబట్టి పాటలు ఎత్తుకునేది అతనే, ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచేదీ అతనే. వైను ఉద్యోగంలో చేరాక బల్ల దగ్గరికి వేరేవాళ్లని పిలవడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా అన్యాయం. దైవాశీర్వాదం వెనక వరసలో కూర్చుని, ఎప్పటిలాగే పాడేవాడు. పక్కనే కూర్చున్న దేవకుమారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఎనభై అయిదు వేసవి మొదట్లో వచ్చిపడింది ఆ బర్గండీ గొడవ.

బర్గండీ అంటే దైవాశీర్వాదానికి ప్రాణం. బోర్డో వైన్లో నాలుగు రకాల ద్రాక్ష కలుపుతారు, కలిపేవాడి తెలివి అందులో కొంత ఉంటుంది. బర్గండీలో అలా కాదు. ఒకే ద్రాక్ష, ఒకే కొండవాలు, సున్నపురాయి నేల. వాలు మధ్యలో మోకాలెత్తు రాతిగోడ. గోడకి ఇటుపక్క వైను ఒక రుచి, అటుపక్కది ఇంకో రుచి. "అదే ఎండ, అదే వాన, అదే చెయ్యి. తేడా అంతా మట్టిలో ఉంది. మన పర్చూరు, పొదిలి లాగానే," అని చెప్తున్నప్పుడు అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయేది. ఎన్నడూ చూడని గోడ అది. హార్లన్ తెచ్చిన మ్యాపుల్లో గీతగా చూశాడు, గ్లాసులో రుచి చూశాడు, అంతే.

అలాంటివాడి ముందుకి అక్కడి ఒక పేరున్న ఊరి లేబుల్‌తో సరుకు వచ్చింది. దైవాశీర్వాదం రుచి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇందులో వేరే నేల ఉంది సార్. బాగా దక్షిణాన, రోన్ నది కిందివైపు, గుండ్రాళ్ల నేల, ఎండ మండే చోటు. అక్కడి ద్రాక్ష కలిపారు," అన్నాడు. హార్లన్ సరుకు ఆపేశాడు. పంపిన వర్తకుడికి పౌరుషం వచ్చింది. నేనే వస్తాను, లేబుళ్లు లేకుండా గ్లాసులు పెడతాను, మీ ఇండియన్ చెప్తాడేమో చూద్దాం, అన్నాడు. హార్లన్ సరే అన్నాడు. అంతటితో ఆగక దైవాశీర్వాదం భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు నెగ్గితే సెప్టెంబర్‌లో ద్రాక్ష కోతలకి నిన్నే ఫ్రాన్సు పంపిస్తాను. మన కొనుగోలంతా అక్కడుండి నువ్వే చూసుకో," అన్నాడు.

ఆ సాయంత్రం అతను గుమ్మంలోనే ఈ కబురు చెప్పాడు. బూట్లు కూడా విప్పలేదు. "కుమారీ, ఆ గోడ దగ్గరికి వెళ్తాను. ఇటుపక్క మట్టి ఓ గుప్పెడు, అటుపక్క మట్టి ఓ గుప్పెడు తీసి చూస్తాను."  ఇంట్లో తన కళ్లముందు ఉంటేనే ఇలా ఉన్న మనిషి, వైను నీళ్లలా పారే దేశంలో నెలల తరబడి ఒంటరిగా ఉంటే ఇంకేముంది? నాన్న పొట్ట, నాన్న పసుపు కళ్లు ఆమె కళ్లముందు నిలబడ్డాయి.

రాధారాణికి ఫోన్ చేసి భోరుమని ఏడ్చింది. రాధారాణి సంఘంలోనే ఉంటుంది, అప్పుడప్పుడే గుంటూరు వెళ్లొచ్చింది. అందరి కష్టాలకీ ఆవిడ దగ్గర ఏదో ఒక మందు ఉంటుంది. మర్నాడు కారేసుకుని వచ్చి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న సీసా తీసింది. తెల్లటి పొడి.

"మా మరిదికి ఇదే పెట్టాం వదినా. ఆయనకి తెలీదు ఇప్పటికీ. రోజూ కాస్త మజ్జిగలోనో చారులోనో కలిపెయ్. తాగని రోజు ఏమీ చెయ్యదు. తాగాడనుకో, కడుపులో తిప్పేస్తుంది. రెండుసార్లు వాంతి అయ్యిందంటే మళ్లీ గ్లాస్ టచ్ చెయ్యడు."

"ఏం కాదు కదా రాధా?"

"ఏమవుతుంది? తాగితే కదా. తాగననే కదా మీ ఆయన చెప్తున్నాడు."

దేవకుమారికి ఆ మాట న్యాయంగానే తోచింది. తాగకపోతే ఏమీ కాదు. తాగితే దేవుడే చూసుకుంటాడు. సీసా ముందు మోకరించి ప్రార్థన కూడా చేసుకుంది.

పరీక్షకి ముందు వారం రోజులు దైవాశీర్వాదం నాలుకకి విశ్రాంతి ఇచ్చాడు. ఆఫీసులో వైను ముట్టలేదు. ఇంట్లో కారం మానేశాడు, ఊరగాయ మానేశాడు, కాఫీ మానేశాడు. మజ్జిగన్నం, ఉడికించిన బంగాళదుంప, అంతే. ఆ మజ్జిగలోనే పొడి వెళ్లింది. రెండు మూడు రోజులయ్యేసరికి అతను అన్నం ముందు కూర్చుని మజ్జిగ మళ్లీ మళ్లీ చప్పరించి చూడటం మొదలుపెట్టాడు.

"ఇందులో వెల్లుల్లి వేశావా?"

"మజ్జిగలో వెల్లుల్లి ఎవరైనా వేస్తారా అండీ?"

"తుప్పు వాసన కూడా వస్తోంది. ఇనప గిన్నెలో తోడేశావా?"

"లేదండీ."

 సింకు దగ్గరికెళ్లి నోరు కడుక్కుని వచ్చాడు, మంచినీళ్లు తాగాడు, వాటిలోనూ అదే రుచి. మర్నాడు పెరట్లో ఆకులు తుంపి నమిలి చూస్తుంటే ఆమె కిటికీలోంచి చూసింది. భయపడ్డాడు మనిషి. ఉన్న ఒక్క ఆస్తి ఎక్కడో కారిపోతోందని తెలిసి, ఎవరికీ చెప్పుకోలేక తిరుగుతున్నాడు. ఆమెకి జాలేసింది. జాలేసినా చెయ్యి ఆగలేదు. ఇది మంచికే, ఆ పాడు రుచి ఆయన్ని వదిలిపెడుతోంది, అనుకుంది. ఆశపడింది కూడా, అది చెప్పకపోతే తప్పు.

పరీక్ష రోజు పొద్దున అతనే అడిగాడు. "కుమారీ, ఇవాళ నువ్వూ రా. హార్లన్ ఫ్యామిలీస్‌ని పిలిచాడు. నేనేం చేస్తానో ఒక్కసారి నీ కళ్లతో చూడు. ఆ తర్వాత నువ్వేమన్నా పడతాను." మూడేళ్లుగా అతను ఎన్నిసార్లు పిలిచినా ఆమె ఆ గుమ్మం తొక్కలేదు. ఇవాళ వెళ్తానంది. మజ్జిగ గ్లాసు అతని చేతికిచ్చి, అతను మొహం చిట్లించుకుని తాగడం చూసి, వెళ్లి పట్టుచీర కట్టుకుంది.

హార్లన్ గోడౌన్ పక్కన పొడవాటి గది. తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని వెంట వరసగా గ్లాసులు. హోటళ్లవాళ్లు ఓ పదిమంది, వాళ్ల భార్యలు, బూడిదరంగు సూట్లో ఫ్రెంచి వర్తకుడు. దేవకుమారి గోడ పక్కన కుర్చీలో హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సారా దుకాణంలా ఉంటుందనుకుంది. ఆస్పత్రిలా ఉంది. ఎవరూ నవ్వడం లేదు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. గ్లాసుల మధ్య తళతళలాడే చిన్న బకెట్లు ఉన్నాయి. పూలు పెట్టడానికేమో అనుకుంది.

మొదట హార్లన్ ఒక గ్లాసు తీసుకున్నాడు. గుక్క నోట్లో పోసుకుని బుగ్గల్లో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత వంగి బకెట్లో ఉమ్మేశాడు. అతని పక్కనున్న హోటలాయన కూడా ఉమ్మేశాడు. ఆ సూటు వేసుకున్న ఫ్రెంచివాడు కూడా, ఎంతో మర్యాదగా, టై చేత్తో పట్టుకుని, ఉమ్మేశాడు. అందరూ ఉమ్మేస్తున్నారు. ఎర్రటి ధారలు బకెట్లలో పడుతున్నాయి. ఒక్కరి గొంతు కూడా కదలలేదు.

 దేవకుమారి కళ్లు మొగుడి గొంతు మీదే ఉండిపోయాయి. అతను గ్లాసు ఎత్తి చాలాసేపు వాసన చూశాడు. నోట్లో పోసుకున్నాడు, పుక్కిలించాడు, ఉమ్మేశాడు. ఉమ్మేసి, తలెత్తి, గది అవతలినించి నేరుగా ఆమె వంక చూశాడు. చూశావా అన్నట్టు చిన్నగా నవ్వాడు. మూడేళ్లుగా నిజమే చెప్పిన మనిషి నవ్వు అది. ఆమె ఆ నవ్వు చూడలేకపోయింది.

అతని కడుపులో మజ్జిగ ఉంది. ఉమ్మేసినా నాలుకకీ చిగుళ్లకీ అంటింది అంటుతుంది, గొంతులోకి చుక్కో రెండు చుక్కలో జారుతుంది. రాధారాణి పొడికి ఎంత చాలునో ఆమెకి తెలీదు. ఆమె లేచి నిలబడింది.

"ఏమండీ, ఇంక వద్దండీ."

గదంతా ఆమె వైపు తిరిగింది. అతను కంగారుపడలేదు, మెత్తగా తెలుగులోనే అన్నాడు. "కూర్చో కుమారీ. చూశావుగా, ఉమ్మేశాను."

"ఉమ్మినా వద్దండీ. మీకు దణ్ణం పెడతాను, ముట్టుకోకండి."

ఆమె ఏమంటోందని హార్లన్ అడిగాడు. నా కోసం ప్రేయర్ చేస్తోంది సార్, అని ఇంగ్లీషులో చెప్పాడు దైవాశీర్వాదం. అందరూ ముచ్చటగా నవ్వారు. పొడి కలిపానని ఒక్క మాట, తెలుగులోనే, అతనికొక్కడికే అర్థమయ్యేలా చెప్పొచ్చు. చెప్పాలనే నోరు తెరిచింది. ఇంతమందిలో ఆ మాట అంటే అతని మొహం ఎలా మారిపోతుందో కనిపించింది. కూర్చుంది. అలా కూర్చున్నందుకు ఆమెని ఎవరూ క్షమించక్కర్లేదు, ఆమే క్షమించుకోలేదు.

రెండో గ్లాసు దగ్గర అతను ఆగిపోయాడు. మళ్లీ పోసుకున్నాడు, మళ్లీ ఉమ్మేశాడు. నుదుటి మీద చెమట పట్టింది. మెడ దగ్గర మొదలై చెవులదాకా ఎర్రగా పాకింది. మూడో గ్లాసు ఎత్తాడు. "ఇది..." అన్నాడు. ఏ నేలో, ఏ గట్టో, అతనికేమీ అందలేదు. వెల్లుల్లి, తుప్పు తప్ప గ్లాసులో ఏమీ లేదు. "సారీ సార్, నాకు..." అంటుండగానే గ్లాసు జారింది. బల్ల పట్టుకున్నాడు. తెల్లగుడ్డ గ్లాసులతో సహా కిందికి వచ్చేసింది. అతను మోకాళ్ల మీద కూలబడి, ఆ ఫ్రెంచివాడి బూట్ల ముందే వాంతి చేసుకున్నాడు.

ఎవరో ఒకావిడ ముక్కు మీద రుమాలు పెట్టుకుంది. ఫ్రెంచివాడు రెండడుగులు వెనక్కి వేసి, హార్లన్‌తో చాలా మృదువుగా ఏదో అన్నాడు. పొద్దున్నించీ తాగుతున్నట్టున్నాడు పాపం, అని దాని అర్థం. హార్లన్ ఫోన్ దగ్గరికి వెళ్లి అంబులెన్సు పిలిచాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఎంత తాగాడని అడిగాడు. "నో సర్, ఉమ్మేశాను," అన్నాడు దైవాశీర్వాదం, ఎగశ్వాస పెడుతూనే. డాక్టరూ నర్సూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఈ లోకంలో ఇప్పుడతని మాట నమ్మే మనిషి ఒక్కతే ఉంది. ఆమె అతని కాళ్ల దగ్గర నిలబడి ఉంది. ఏమన్నా మందులు వాడతాడా అని డాక్టరు ఆమెనే అడిగాడు.

"నో," అంది దేవకుమారి.

సాయంత్రానికి గుండె దడ తగ్గింది. ఇంటికి పంపేశారు. ఆ వారంలోనే హార్లన్ ఇంటికొచ్చాడు, సోఫా అంచున కూర్చున్నాడు. మంచివాడు, అందుకే ఫోన్‌లో చెప్పకుండా మొహం చూసి చెప్పడానికి వచ్చాడు. నువ్వు రెస్ట్ తీసుకో, తాగుడు మానడానికి హెల్ప్ తీసుకో, అన్నాడు. మళ్లీ రమ్మని అనలేదు. దైవాశీర్వాదం కారుదాకా వెళ్లి సాగనంపి వచ్చాడు.

పొడి సింకులో ఎప్పుడో పారబోసింది దేవకుమారి, సీసా కూడా పగలగొట్టి చెత్తలో వేసింది. చెప్పెయ్యాలని రోజూ అనుకునేది. పొద్దున అనుకుంటే సాయంత్రం, సాయంత్రం అనుకుంటే మర్నాడు. అతను పగలంతా కర్టెన్లు వేసుకుని కూర్చునేవాడు. పెట్టింది తినేవాడు, రుచి అడగడం మానేశాడు. ఒకరోజు పాత పొగాకు కట్టలోంచి దాచుకున్న ఆకు ఒకటి తీసి వాసన చూసి, ఆమెకి ఇచ్చి, "పారెయ్ కుమారీ, నాకు ఇది కాగితంతో సమానం," అన్నాడు. ఆమె బాత్రూంలోకి వెళ్లి పంపు తిప్పి ఏడ్చింది. రాధారాణి మాత్రం ఆదివారం మెట్ల దగ్గర చెయ్యి నొక్కి, "చూశావా, పని చేసింది," అంది. ఆ చెయ్యి విదిలించుకునే ధైర్యం కూడా లేకపోయింది ఆమెకి.

జులైలో ఒక మధ్యాహ్నం గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిని అతను ఆగిపోయాడు. ఇంకో ముద్ద పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా నమిలాడు.

"ఇది సామ్యూల్ గారి పెరట్లోది కదూ?"

"అవునండీ."

"మన పెరట్లోది కాదు. వాళ్లది ఎర్ర బంకమట్టి. పులుపు వెనకాల తెలుస్తోంది." కంచం ముందే అతను పెద్దగా ఏడ్చేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఏడవడం ఆమె చూడలేదు. "వచ్చేసింది కుమారీ. నా నాలుక నాకొచ్చేసింది." దేవకుమారి కూడా ఏడ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇప్పుడు చెప్పెయ్యొచ్చు, ఇప్పుడు తిట్టినా కొట్టినా ఫర్వాలేదు, పోయింది తిరిగొచ్చేసింది కదా, అనుకుని కళ్లు తుడుచుకుంది. అతనే ముందు మాట్లాడాడు.

"నేను మొక్కుకున్నాను. ప్రభువా, నా నాలుక నాకు తిరిగిస్తే బతికున్నంతకాలం దానిమీద వైను చుక్క పడనివ్వనని మాటిచ్చాను. విన్నాడు. నేను చేస్తున్నది తప్పని ఇన్నాళ్లూ నువ్వు చెప్తూనే ఉన్నావు, నేనే వినలేదు. అందుకే నోటి మీద కొట్టాడు. మాటివ్వగానే తిరిగిచ్చాడు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. తను పొడి మానేసినందుకు తిరిగొచ్చిన రుచి, అతని లెక్కలో దేవుడి క్షమాపణ అయి కూర్చుంది. ఇప్పుడు నిజం చెప్తే భార్యే కాదు, దేవుడు కూడా పోతాడు అతనికి. నలుగురూ తాగుబోతు అన్నాక ఆ మనిషికి మిగిలింది ఆ క్షమాపణ ఒక్కటే. అది లాగేసుకుని ఏం చేతిలో పెడుతుంది?

అది అంతటితో ఆగలేదు. ఆగస్టులో హార్లన్ ఫోన్ చేశాడు. దేవకుమారి పక్కనే బట్టలు మడతపెడుతోంది. అతను వింటూ, విన్నది ఆమెకి తెలుగులో చెప్తూ ఉన్నాడు. ఆ బర్గండీ సరుకు లేబొరేటరీకి పంపారట. దక్షిణాది వైను కలిపిన మాట నిజమేనట. అతను మొదట ఎలా చెప్పాడో అచ్చం అలాగే. హార్లన్ క్షమించమంటున్నాడు. రమ్మంటున్నాడు, టికెట్ బుక్ చేస్తానంటున్నాడు, కోతలకి ఇంకా టైముంది అంటున్నాడు.

దైవాశీర్వాదం మొహంలో వెలుగు రావడం ఆమె చూసింది, అది ఆరిపోవడం కూడా చూసింది.

"నో సార్. థాంక్ యూ సార్. నేను మాటిచ్చేశాను," అని ఫోన్ పెట్టేశాడు. కాసేపు కిటికీలోంచి పెరడు వంక చూశాడు. "ఆ గోడ అలాగే ఉంటుందిలే కుమారీ. ఎవరో ఒకరు చూస్తారు," అన్నాడు.

"ఏమండీ." ఆమె మడతపెట్టిన చొక్కా పక్కన పెట్టింది.  "మీరు వెళ్లండి. మీ నాలుకకి ఏ శాపమూ రాలేదు. అది..."

అతను లేచి వచ్చి ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "నా మీద ప్రేమతో అంటున్నావు. నాకు తెలుసు. నేను వెళ్లకపోతే బాధపడతానని, నీకిష్టం లేకపోయినా వెళ్లమంటున్నావు. నువ్వే లేకపోతే నేనేమైపోయేవాణ్ణి? నీ ప్రార్థనే నన్ను కాపాడింది." ఆ చేతులు తన చేతుల మీద అంత నమ్మకంగా ఉంటే, మిగతా మాట ఆమె చెప్పలేకపోయింది. మజ్జిగలో పొడి కలిపింది తన ఈ చేతులతోనే. ఒక్క గట్టి మాట అని ఉంటే, విసుక్కుని ఉంటే చెప్పేసేదేమో. అతను ప్రేమగా మాట్లాడి ఆమె నోరు మూసేశాడు.

ఆ వచ్చిన ఆదివారం సామ్యూల్ గారి బేస్‌మెంట్‌లో దైవాశీర్వాదం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. వెనక వరసలోంచి ముందుకి నడిచాడు. 

"మీరందరూ నన్ను తాగుబోతు అనుకున్నారు. నేను కాదని వాదించాను. ఉమ్మేస్తున్నాను కదా అని గర్వపడ్డాను. ఉమ్మేసినా తాగినట్టే. దూరదేశపు మట్టిని దేవుడికంటే ఎక్కువ ప్రేమించాను. నేను తాగుబోతునే. అందుకే అందరి ముందూ నన్ను పడగొట్టాడు. ఈ రోజు నిలబెట్టాడు. నా భార్య కన్నీటి వల్ల నిలబెట్టాడు."

చెయ్యని తప్పు ఒప్పుకుంటుంటే అతని మొహం ఎంత ప్రశాంతంగా ఉందో. రాధారాణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సామ్యూల్ గారు లేచి అతన్ని కౌగిలించుకున్నారు. వచ్చే ఆదివారం నించి బల్ల దగ్గర మళ్లీ నువ్వే రొట్టె పంచాలి తమ్ముడూ, అన్నారు. తర్వాత ఆడవాళ్ల వరస వైపు తిరిగారు. భర్త సాక్ష్యం చెప్తే భార్య కూడా ఒక మాట చెప్పడం ఆ సంఘంలో రివాజు.

"దేవకుమారి అమ్మా, నువ్వు కూడా లేచి ఒక మాట చెప్పమ్మా."

ఆమె లేచింది.  ముందు దైవాశీర్వాదం నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని, ఆమె ఏం చెప్తుందోనని ఎదురుచూస్తూ. సెప్టెంబర్‌కి ఇంకా రెండు వారాలుంది. ఒక్క మాట చాలు, ఆ మనిషి తాగుబోతు కాకుండా పోతాడు, తన గోడ దగ్గరికి వెళ్తాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె తన లోపలంతా వెతుక్కుంది. భర్త మొహం చూసింది. అతను ధైర్యం చెప్తున్నట్టు తల ఊపాడు.

"ఆయన చెప్పిందంతా నిజమే," అంది దేవకుమారి.

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా దైవాశీర్వాదం అన్నాడు.